లోపలి గడియ

పోయిన ఎండాకాలం నేను ఇరవై నాలుగు గుమ్మాలు నిలబెట్టాను. అందులో తొమ్మిదింటిని రెండేసి సార్లు నిలబెట్టాను. ముప్ఫై ఏళ్లుగా తాపీ పట్టిన చెయ్యి నాది. నేను నిలబెట్టిన గుమ్మాన్ని ఊడబీకించిన ఇంజనీరు ఇంతవరకు లేడు. ఊడబీకించినవాడు మా అన్నయ్య జోజిబాబు కాబట్టి, ఈ సంగతి పదిమందిలో చెప్పడానికి నాకేమీ నామోషీ లేదు.

నా పేరు బాలశౌరి. పుట్టింది వినగడపలో, కాపురం తిరువూరులో. బి.ఏ. పాసై కూడా మా నాన్న అంతోనయ్య తాపీనే అందుకున్నానని ఊళ్లో నన్ను బి.ఏ. మేస్త్రి అంటారు. వెక్కిరింపుగా మొదలైన పేరే. అయితే ప్లాను కాగితం చేతికిస్తే తలకిందులుగా పట్టుకోకుండా చదివే మేస్త్రిని ఈ చుట్టుపక్కల నేనొక్కణ్ణే అవడంతో, పోనుపోను అదే నాకు బోర్డు మీద రాసుకునే పేరైంది.

ఆ ఎండాకాలం నాకు దొరికిన పని కోర్టాసుపత్రిలో. దాని అసలు పేరు చాంతాడంత ఉంటుంది, ఊళ్లో ఎవరూ వాడరు. గంపలగూడెం రోడ్డులో మామిడి తోటలు దాటాక, పూర్వం విత్తనాల గోడౌను ఉన్నచోట ఉంటుంది. మతి చెడి ఉన్నప్పుడు నేరం చేసినవాళ్లని అక్కడ ఉంచుతారు. కోర్టు వాళ్లని దోషులు కాదంటుంది. అలాగని ఇంటికీ పంపదు. నయమయ్యేదాకా తాళం వెనక పెట్టి వైద్యం చేయమంటుంది. ముప్ఫై మంది కోసం తెరిచినచోట నలభై ఏడు మంది చేరి, వరండాల్లో కూడా మంచాలు వేసే పరిస్థితి వచ్చేసరికి, పక్కనే ఇరవై నాలుగు గదులతో కొత్త బ్లాకు కట్టమని ఆర్డరొచ్చింది.

ఆ వార్త టీకొట్టుకి చేరిన రోజున మామిడికాయల కమీషన్ వ్యాపారి వెంకటప్పయ్య గ్లాసు బల్ల మీద టక్కున పెట్టాడు. ఉన్న పిచ్చోళ్లు చాలక ఇంకా తెచ్చి ఊరికి దింపుతున్నారని, ఆ పనికి వెళ్లేవాడు కూడా మన ఊరివాడేనని, నా వంక చూడకుండా నాకు వినబడేలా అన్నాడు. తాళం వేసిన పిచ్చోళ్లని నేను గదుల్లో పెడుతున్నానని, తాళం వేయనివాళ్ల సంగతి ఆయన కాటా దగ్గర చూసుకోమని చెప్పాను. కొట్టంతా నవ్వింది. ఆయనా నవ్వక తప్పలేదు.

నవ్వించాను గాని, అక్కడున్న ప్రతివాడికీ తెలుసు, మా అన్నయ్య ఆ గోడల లోపలే ఉన్నాడని.

పదకొండేళ్ల కిందట జోజన్నయ్యకి మతి చెడింది. ఎవరో తనను గోడలో నిలబెట్టి ఇటుకలు పేర్చేస్తారని భయపడేవాడు. మేం ఆ భయాన్ని చూసి నవ్వుకున్నాం, డాక్టరుకి చూపించలేదు. ఒక మధ్యాహ్నం పని దగ్గరికి నా భార్య సామ్రాజ్యం మా ఇద్దరికీ క్యారేజీ తెచ్చింది. అందులో ఉన్నది అన్నం కాదు, సిమెంటని అనుకున్నాడంట. పార ఎత్తాడు. మెడ మీద పడాల్సిన దెబ్బకి సామ్రాజ్యం ఎడం చెయ్యి అడ్డం పెట్టింది. మనిషి దక్కింది. ఆ చేతికి మూడు వేళ్లు మాత్రం ఈనాటికీ వంగవు.

మొదట ఆరేళ్లు వాణ్ణి ఎక్కడో దూరంగా ఉంచి, కోర్టాసుపత్రి తెరిచాక ఇక్కడికి మార్చారు. ఇంటికి నాలుగు కిలోమీటర్లు. ఏటా క్రిస్మస్‌కి ఒక జత బట్టలు తీసుకెళ్లి గేటు దగ్గర కాపలా ఉండే నబీకి ఇచ్చి, గేటు బయటి నుంచే వెనక్కి వచ్చేవాణ్ణి.

ఈ పని ఒప్పుకున్నానని ఇంట్లో చెప్పినప్పుడు సామ్రాజ్యం బియ్యంలో రాళ్లు ఏరుతోంది. చేట మీంచి తల ఎత్తలేదు. గోడలు నిటారుగా కట్టు, అంది. అంతే.

*

గుమ్మాల సంగతి చెప్పాలి.

మా నాన్న ఇళ్లు కట్టడంలో పేరున్నవాడు. ఆయనకి రెండు పట్టుదలలు. ఒకటి, వీధి గుమ్మం నిటారుగా నిలిచిందో లేదో గుండుదారంతో తూకం చూసేటప్పుడు ఆ ఇంటి ఇల్లాలు ఒక చెయ్యి గుమ్మం మీద వేసి పట్టుకోవాలి. రోజుకి వందసార్లు ఆ గడప దాటేది ఆవిడే కనక ఆవిడ చెయ్యి పడనిదే దారానికి గుండు కట్టేవాడు కాదు. రెండోది, తలుపు ఎప్పుడూ లోపలికే తెరుచుకోవాలి. వచ్చిన మనిషిని తలుపు లోపలికి తీసుకుపోవాలి గాని, మొహం మీదికొచ్చి వెనక్కి నెట్టకూడదు అనేవాడు. అన్నయ్యా నేనూ ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లమే. మా ముగ్గురం కలిసి కట్టిన ఇళ్లలో బయటికి తెరుచుకునే తలుపు ఒక్కటి లేదు.

కోర్టాసుపత్రికి ఇనప గుమ్మాలు. తిరువూరులో ముషారఫ్ వెల్డింగ్ చేసి పంపాడు. ఒక్కోటి ఇద్దరు మనుషుల బరువు. గుమ్మాన్ని లేపి, తూకం చూసి, పక్కలకి పొడుచుకొచ్చిన దాని ఇనప చెవులు గోడలోకి వెళ్లేలా పెట్టి కాంక్రీటు పోసేస్తే ఇక అది భూమి ఉన్నంతకాలం కదలదు. తలుపు కూర్చునే గాడి ఏ పక్కన ఉంటే తలుపు ఆ పక్కకి తెరుచుకుంటుంది. నేను తొమ్మిది గుమ్మాలూ గాడి గదివైపు పెట్టి బిగించాను. చెయ్యి దానంతట అది చేసుకుపోయే పని. మనం అన్నం కలిపేటప్పుడు ఆలోచిస్తామా.

కొత్త బ్లాకుకీ పాత బ్లాకుకీ మధ్య వల కంచె ఉంది. పొద్దున పదింటికి పాతబ్లాకు వాళ్లని గంటసేపు ఎండలోకి వదులుతారు. కొందరు నడుస్తారు, కొందరు గోడనానుకుని కూర్చుంటారు. ఆ గంటా నేను గదుల్లో పని పెట్టుకుని అటు పక్కకి వెళ్లేవాణ్ణి కాదు. నేను మేస్త్రిని, నాకు పది పనులుంటాయి అని నాకు నేనే చెప్పుకునేవాణ్ణి.

తొమ్మిదో గుమ్మానికి కాంక్రీటు పోస్తున్నప్పుడు కంచె అవతల నుంచి పిలుపు వినిపించింది.

“ఒరేయ్ శౌరీ.”

పదకొండేళ్లలో ఆ గొంతు విన్లేదు. అయినా వెనక్కి తిరగకముందే ఎవరో తెలిసిపోయింది. అన్నయ్య వల పట్టుకుని నిలబడి ఉన్నాడు. తల నెరిసింది. నేను పోయిన క్రిస్మస్‌కి ఇచ్చిన నీలం చొక్కా వేసుకున్నాడు, భుజాల దగ్గర వదులుగా ఉంది. బాగున్నావా అనలేదు. నేనూ అనలేదు.

“గుమ్మాలు ఇంటి గుమ్మాల్లా పెడుతున్నావేంట్రా.”

“గుమ్మం గుమ్మంలా కాకపోతే ఇంకెలా పెడతారు?”

“తలుపు లోపలికి తెరుచుకుంటుంది.”

“ఏ తలుపైనా లోపలికే గదా. నాన్న చెప్పింది మర్చిపోయావా?”

“నాన్న కట్టింది ఇళ్లురా. ఇది ఇల్లు కాదు.” తొందర లేకుండా, చిన్నప్పుడు నాకు ఇటుక తడపడం నేర్పినట్టే చెప్పాడు. “లోపలి మనిషి తలుపుకి అడ్డంగా పడుకున్నాడనుకో, బయటివాళ్లు ఎంత తోసినా రాలేరు. అడ్డం ఉన్నది తలుపు కాదు, మనిషి. పాత బ్లాకులో ఒకాయన అలాగే పడుకున్నాడు. ప్లాను చూసుకో.”

లోపల్నించి మందులకి గంట కొట్టారు. వెళ్లిపోయాడు.

ప్లాను చూసుకోమని బి.ఏ. మేస్త్రికి చెప్పడమా అని ముందు ఒళ్లు మండింది. చూశాను. ప్లానులో ప్రతి గుమ్మం దగ్గరా తలుపు ఎటు తిరుగుతుందో చూపించే గీత ఉంటుంది, పావు చందమామలాగా. ఇరవై నాలుగు చందమామలూ వరండా వైపుకే ఉన్నాయి. మూడు వారాలుగా ఆ కాగితం నా జేబులోనే ఉంది. గోడల కొలతలన్నీ చదివాను గాని గుమ్మం దగ్గర కన్ను ఆగలేదు. నాకు తెలిసిందే గదా అనుకున్నది కన్ను చదవదు.

నబీ గేటు దగ్గర మంచినీళ్ల క్యాను మారుస్తున్నాడు. ఆ పడుకున్నాయన బతికాడా అని అడిగాను. నబీ క్యాను పక్కన పెట్టి నా వంక కొంచెంసేపు చూశాడు.

“ఆ ఒకాయన ఎవరనుకున్నావ్ మేస్త్రీ? మీ అన్నే.”

ఇక్కడికి వచ్చిన మొదటి ఏడు. నాలుగు రోజులు అన్నం, నీళ్లు ముట్టుకోలేదంట. అయిదోరోజు పొద్దున చూస్తే తలుపు కదల్లేదు. కిటికీ పైకి ఉంది, చెయ్యి దూరదు. నలుగురు తోసినా రాకపోతే పైకప్పు రేకు విప్పి నబీయే లోపలికి దిగాడు. ఇంకో గంట ఆగితే దక్కేవాడు కాడని డాక్టరమ్మ చెప్పిందంట. ఆ తర్వాతే మందు మార్చారు, ఆ తర్వాతే మనిషి దారికొచ్చాడు. నీకు ఫోన్ చేశాం గదా మేస్త్రీ, అన్నాడు నబీ.

చేశారు. ఆరోజు స్లాబు పోస్తున్నాను. ఒంట్లో బాగాలేదంటే, మీరే చూసుకోండి సార్ అని పెట్టేశాను.

ఆ మధ్యాహ్నమే కుర్ర ఇంజనీరు శశాంక్ గారిని పిలిచి, తొమ్మిది గుమ్మాలూ తప్పు పెట్టానని, పీకి మళ్లీ నిలబెడతానని చెప్పాను. ఆయన ప్లాను తీసి చూశాడు, చెమట తుడుచుకున్నాడు. రోజూ వచ్చి చూసిన తనకీ తట్టలేదు, ఆయన మొహంలో అదే కనిపించింది. మీరెలా కనిపెట్టారు మేస్త్రి గారూ అని అడిగాడు. మా అన్నయ్య చెప్పాడన్నాను. మీ అన్నయ్య కూడా మేస్త్రీయేనా, ఏ సైటులో ఉంటారు అన్నాడు.

“ఇక్కడే ఉంటారు సార్,” అని కంచె వైపు చూపించాను.

నా అంతట నేను నోరు తెరిచి ఆ మాట చెప్పడం అదే మొదటిసారి.

*

ఆసుపత్రి పెద్ద డాక్టరు సరోజినీదేవి గారు. పొట్టిగా ఉంటారు. మాట మెల్లగా ఉంటుంది గాని ఎవరూ రెండోసారి అడిగించుకోరు. గుమ్మాల సంగతి విని నన్ను తన గదికి పిలిపించారు. చీవాట్లు తినడానికి సిద్ధపడి వెళ్లాను. ఆవిడ అడిగింది వేరే. మీ అన్నగారిని రోజుకి రెండు గంటలు నబీ కాపలాలో మీ దగ్గర పనికి పంపిస్తాను, మీకు అభ్యంతరమా అన్నారు. లేదన్నాను. తర్వాత కిటికీలోంచి కడుతున్న బ్లాకుని చూపించారు.

“నా దగ్గరున్న నలభై ఏడు మందిలో పదకొండు మందికి ఇక్కడ పని లేదు బాలశౌరి గారూ. ఎప్పుడో నయమైంది. బయట బాధ్యత తీసుకునే మనిషి సంతకం లేక ఉన్నారు. మీరు కట్టే గదుల్లో పదకొండు ఆ సంతకాల బదులు కడుతున్నారు. అందులో ఒకటి మీ అన్నగారిది.”

నేను కిటికీలోంచి గదులు లెక్కపెడుతున్నట్టు చూశాను.

“ఉత్తరాలు అందాయా?”

“అందాయండి.”

ఆవిడ ఇక అడగలేదు. అడిగి ఉంటే ఏదో ఒక అబద్ధం చెప్పి బయటపడేవాణ్ణి.

రెండేళ్లలో మూడు ఉత్తరాలు వచ్చాయి. జోజిబాబుకి నయమైందని, ముందు నెలరోజులు సెలవు మీద పంపిస్తామని, ఇంట్లోవాళ్లు ఒప్పుకుని సంతకం పెట్టాలని. మూడూ టీకొట్టు దగ్గరే పోస్ట్‌మేన్ నా చేతికిచ్చాడు. మూడింటినీ నా పనిముట్ల సంచి అడుగున, పాత ప్లాను కాగితాల మధ్య దాచాను. సామ్రాజ్యానికి చెప్పలేదు. ఆమె చెయ్యి చూసి, ఇంకోసారి ఆ పేరెత్తి ఆమెను బాధపెట్టకూడదని. నాకు నేను చెప్పుకున్న కారణం ఇదే, చాలా గౌరవమైన కారణం.

మర్నాటి నుంచి అన్నయ్య వచ్చాడు. మొదటిరోజు ఇద్దరం కలిసి ఒక్క గుమ్మమే ఊడదీశాం. వాడు ఉలి పట్టుకునే తీరు పోలేదు. కాంక్రీటుని ఎక్కడ కొడితే ఎక్కడ విడిపోతుందో ఆ చేతికి ఇంకా తెలుసు. దారం నేను పట్టుకుంటే గుండు ఆగేదాకా ఊపిరి బిగబట్టి చూసి, నూలుపోగు అటు, అనేవాడు. మా మాటలన్నీ గుమ్మాల గురించే. నాన్న చనిపోయిన సంగతి, వాడికి ఎవరో చెప్పే ఉంటారు. అయినా నాలుగోరోజు, నాన్న గుండు ఇదేనా అని అడిగాడు. ఇదే అన్నాను. అరచేతిలో కొంచెంసేపు ఉంచుకుని మళ్లీ ఇచ్చాడు.

నబీకి మా పని చూడటం సరదాగా ఉండేది. ఇద్దరు మేస్త్రులు పట్టుకుంటే గుమ్మం కూడా భయపడి నిటారుగా నిలబడుతోందని అనేవాడు. అన్నయ్య నవ్వాడు. నవ్వితే పక్కపన్ను లేదు. ఎప్పుడు పోయిందో నాకు తెలియదు.

*

కొన్ని వారాలకి, ఒక ఆదివారం చర్చిలో పూజ అయి వచ్చాక సామ్రాజ్యం ఆవకాయకి కాయలు కొట్టడానికి కూర్చుంది. ఆ వంగని వేళ్లతో కాయని కత్తికి అదిమిపెట్టి, కుడిచేత్తో కొడుతుంది. చూసేవాళ్లకి గుండె ఆగిపోతుంది. వంగని వేళ్లు అడ్డం రావులే, అంటుంది ఆమె. ఆ హాస్యం ఆమె ఆడితేనే బాగుంటుంది.

ఎలా మొదలుపెట్టాలో రెండురోజులుగా ఆలోచించాను. చివరికి ఆసుపత్రి నుంచి ఉత్తరాలు వచ్చాయని మాత్రం చెప్పాను.

“మూడు,” అంది.

నా చేతిలో ఉన్న కాయ గిన్నెలో పడింది.

“నీ సంచి నెలకోసారి ఎవరు ఉతుకుతారనుకున్నావయ్యా? దానంతట అదే చెరువుకెళ్లి జాడించుకుని వస్తుందా? మూడూ చదివా. చదివి మళ్లీ ఆ మడతలోనే పెట్టా.”

“మరి నన్ను అడగలేదేం?”

ఆమె కత్తి ఆపింది.

“నేనెందుకు అడగాలి? దెబ్బ తిన్నది నేను. అడగాల్సింది నన్ను. నువ్వేం చేశావు? నీలో నువ్వే అడిగేసుకుని, వద్దని నువ్వే చెప్పేసుకున్నావు, నా పేరు మీద. ఆయన ఇన్నాళ్లు లోపల ఉన్నది నా చెయ్యి వల్లనే అని ఊరంతా అనుకుంటుంది. రెండేళ్ల నుంచి నా చెయ్యి వల్ల కాదు, నీ సంచి వల్ల.”

పెరట్లో కాకి ఒకటి మామిడి టెంక కోసం దిగితే దాన్ని తోలింది. నేను గిన్నెలో పడిన కాయ తీసి పక్కన పెట్టాను. ఊళ్లో నా నోటికి ఎదురు చెప్పేవాడు లేడు. ఇంట్లో సంగతి వేరు.

“ఇప్పుడు అడుగుతున్నా,” అన్నాను.

“ఇప్పుడు చెప్పను. మనిషిని చూశాక చెప్తా.”

మళ్లీ కాయ అందుకుంది.

*

మంగళవారం ఆమెను తీసుకెళ్లాను. డాక్టరమ్మ ముందు అన్నయ్యని అడిగారంట, ఆమె వస్తానంటోంది, నీకు ఫరవాలేదా అని. వాడు ఆ రాత్రి నిద్రపోలేదని, పొద్దున స్నానం రెండుసార్లు చేశాడని నబీ గేటు దగ్గరే నా చెవిలో వేశాడు.

మేం వెళ్లేసరికి ఇరవయ్యో గుమ్మం లేపి ఉంది. అన్నయ్య దాని పక్కన దారం పట్టుకుని నిలబడ్డాడు. సామ్రాజ్యాన్ని చూసి తల దించాడు. ఆమె పమిట భుజం చుట్టూ తిప్పుకుని, నాలుగడుగుల దూరంలో ఆగింది. ఆ నాలుగడుగులూ ఆమె కొలిచి ఆగిందని నాకు తెలుసు. పార అందని దూరం అది. పారలన్నీ ముందే బయట పెట్టించాను.

ఏదో ఒక పని చేయాలని నేను గుమ్మం కింద చెక్క తీసి సర్దబోయాను. తొందరపడ్డాను. గుమ్మం ముందుకి ఒరిగింది. అన్నయ్య ఒక పక్క పట్టుకున్నాడు. రెండోపక్క ఆగకుండా వస్తుంటే సామ్రాజ్యం నాలుగడుగులూ దాటొచ్చి ఎడంచేత్తో దాన్ని ఆపింది. వంగని మూడు వేళ్లు ఇనుము మీద చాచి ఉన్నాయి.

అన్నయ్య ఆ వేళ్లనే చూస్తున్నాడు. పదకొండేళ్లలో వాటిని చూడటం అదే మొదటిసారి.

“నిటారుగా ఉందా బావగారూ?” అంది సామ్రాజ్యం.

అన్నయ్య దారం వదిలాడు. గుండు ఊగి ఊగి ఆగింది. ఇల్లాలు పట్టుకుంటేనే తూకం చూడాలన్న నాన్న మాట మా ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చి ఉంటుంది, వాడు నావైపు ఒక్కసారి చూశాడు.

“ఉందమ్మా.”

ఆమె చెయ్యి తీయలేదు.

“మందులు వేసుకుంటున్నారా?”

“వేసుకుంటున్నానమ్మా.”

“రోజూనా?”

“రోజూ.”

“ఎవరన్నా చూస్తుంటేనా, చూడకపోయినానా?”

నబీ అటు తిరిగి నిలబడ్డాడు. అవునను, చూడకపోయినా వేసుకుంటానను అని నేను లోపల కొట్టుకుంటున్నాను.

“ఇక్కడ ఎప్పుడూ ఎవరో ఒకరు చూస్తూనే ఉంటారమ్మా,” అన్నాడు చివరికి. “చూడకపోతే వేసుకుంటానో లేదో నాకు తెలియదు. ఎవరన్నా చూస్తుంటేనే మంచిది.”

సామ్రాజ్యం చెయ్యి తీసింది. తెచ్చిన క్యారేజీ గట్టు మీద పెట్టి, మామిడికాయ పప్పు, చల్లారకముందే తినండి, అని గేటు వైపు నడిచింది. క్యారేజీ మూత తానే తీసి, అందులో ఏముందో వాడికి కనబడేలా పెట్టి వెళ్లింది.

దారిలో తోటల దగ్గర కాయలు కోస్తున్నారు, రోడ్డుకి అడ్డంగా ట్రాక్టరు ఉంటే బండి ఆపాను. వెనక నుంచి అంది.

“తెలియదన్నాడు చూశావా. తెలుసంటే నేను ఒప్పుకునేదాన్ని కాదు.”

*

సంతకాలు ఇద్దరం పెట్టాం. నాది ఒక్కటి చాలన్నారు డాక్టరమ్మ. చాలదని సామ్రాజ్యం కాగితం లాక్కుంది. షరతులు చదివి వినిపించారు. వారానికోసారి నర్సు ఇంటికొస్తుంది, నెలకోసారి వాణ్ణి మేం తీసుకెళ్లి చూపించాలి, మందు ఎవరో ఒకరు దగ్గరుండి వేయించాలి. తేడా కనబడితే ఆరోజే ఫోన్ చేయాలి. ఫోన్ చేస్తే ఈసారి ఎత్తండి, అన్నారు నావైపు చూసి, మెల్లగానే.

జూన్ చివరికి కొత్త బ్లాకు పూర్తయింది. ఇరవై నాలుగు తలుపులూ నేనే ఒక్కొక్కటి తీసి చూశాను. అన్నీ బయటికే, చిటికెనవేలితో లాగినా వచ్చేలా. గదుల కేటాయింపు కాగితంలో ఇరవయ్యో గది ఎదురుగా మా అన్నయ్య పేరు కొట్టేసి ఉంది. ఆ రాత నాకెంతో నచ్చింది. శశాంక్ గారు బాగా వచ్చింది మేస్త్రి గారూ అంటే, ఎందుకు రాదు సార్, ఇద్దరు మేస్త్రులం పెట్టాం అన్నాను.

మిగతా పదిమంది మాటేమిటని డాక్టరమ్మని అడిగాను. వాళ్ల ఊళ్లకి కూడా ఉత్తరాలు రాస్తూనే ఉన్నానన్నారు. సంచులు ఉతికే ఆడవాళ్లు ఆ ఇళ్లలోనూ ఉంటే బాగుండునని నేను మనసులో అనుకున్నాను.

తొలకరి పడిన మర్నాడు అన్నయ్యని తీసుకొచ్చాను. ఒక చేతిసంచి, మందుల డబ్బా. వీధిలో అరుగుల మీద ఉన్నవాళ్లందరూ లేచి నిలబడి చూశారు. వెంకటప్పయ్య ఎదురొచ్చి, ఏం జోజీ బాగున్నావా అన్నాడు గాని, అడుగు ముందుకు వేయలేదు. బాగున్నానండీ అన్నాడు అన్నయ్య, తనూ అడుగు వేయకుండా. ఎవరికి ఎంత దూరం కావాలో వాడికి తెలిసిపోతుంది.

పెరట్లో నేను సిమెంటు పెట్టుకునే గది ఖాళీ చేసి, సున్నం వేయించి, మంచం వేశాను. వాడు సంచి అక్కడ పెట్టి వచ్చేసరికి, వాకిట్లో సామ్రాజ్యం చేతిలో కొత్త గడియ ఉంది. ఇనపది, జానెడు పైన పొడవు. ముషారఫ్ దగ్గర తానే వెళ్లి చేయించుకొచ్చింది. నాకు మాటమాత్రం చెప్పలేదు.

“బావగారూ, మా గదికి లోపల గడియ లేదు. మా అమ్మాయి హాస్టలు నుంచి వస్తే నా దగ్గరే పడుకుంటుంది. ఇది బిగించి పెట్టండి.”

నాకు తల కొట్టేసినట్టయింది. మనిషి ఇంకా కాళ్లు కూడా కడుక్కోలేదు, భోంచేశాక చూద్దాంలే అన్నాను.

“ముందు గడియ,” అంది.

అన్నయ్య గడియ అందుకున్నాడు. మొహంలో బాధ ఏమన్నా ఉందేమోనని చూశాను. ఇంటివాళ్లు పని చెబితే మేస్త్రి వినేటట్టే వింటున్నాడు.

“ఎంత గట్టిగా కావాలమ్మా?”

“మీరు తోసినా ఊడకూడదు.”

తల ఊపి, నా సంచిలోంచి పనిముట్లు తీసుకున్నాడు. నేను చిన్న స్క్రూలు తీసిస్తే అవి పక్కన పెట్టి, అన్నిటికంటే పొడుగువి వెతుక్కున్నాడు. గుమ్మంలో నాలుగు కన్నాలు చాలు, ఆరు పెట్టాడు. ముప్పావు గంట పట్టింది. అంతసేపూ సామ్రాజ్యం అక్కడే గోడకి ఆనుకుని నిలబడి చూసింది. అయిపోయాక లోపలికి వెళ్లి తలుపు మూసింది. గడియ పడిన చప్పుడు వినిపించింది.

అన్నయ్య చొక్కా చేతులు పైకి మడిచి, భుజం పెట్టి తలుపుని తోశాడు. మొదట మెల్లగా. తర్వాత నిజంగానే తోశాడు. గోడమీద సున్నం రాలింది. తలుపు కదల్లేదు.

“ఊడదమ్మా,” అన్నాడు తలుపుతో.

సామ్రాజ్యం గడియ తీసి బయటికొచ్చింది. చేతులు కడుక్కోండి, అన్నం చల్లారిపోతోంది, అంది ఇద్దరితో కలిపి. ముగ్గురం ఒకేచోట కూర్చుని తిన్నాం. తిన్నాక మందు డబ్బా తెరిచి, వాడి ఎదురుగా కూర్చుని, మింగేదాకా చూసింది.

నెలరోజుల సెలవు మూడునెలలైంది. డాక్టరమ్మ ఇంకా పొడిగించారు. ఇప్పుడు అన్నయ్యా నేనూ రెడ్డిగూడెంలో ఒక ఇల్లు కడుతున్నాం. తలుపులన్నీ లోపలికే తెరుచుకుంటాయి. సామ్రాజ్యం రోజూ పడుకునేముందు ఆ గడియ వేస్తుంది. ఒక్కరోజు కూడా మరచిపోలేదు. పెరట్లో గదిలో అన్నయ్య లైటు, ఆ చప్పుడు వినపడ్డాకే ఆరుతుంది.